లేక్ ఫోర్క్‌లో చలికాలం బాస్ చేపలు: సంక్రాంతి లాంగ్ వీకెండ్‌కి వెళ్తున్నాం, చేప పడుతుందా?

కొత్త_గాలం
అందరికీ నమస్కారం. మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఎండాకాలమంతా ఇంటి పక్క చెరువుల్లో గట్టు మీంచి బాస్ చేపలు పట్టేవాణ్ణి. నవంబరు దాటాక ఒక్కటీ ముట్టట్లేదు. ఆఫీసులో అడిగితే మార్చి దాకా రాడ్లు గరాజ్‌లో పెట్టేయమంటున్నారు.

కానీ నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు, ఫిబ్రవరిలో వెళ్లిపోతారు. చిన్నప్పటి నుంచి గోదావరిలో గాలం వేసిన మనిషి, ఇక్కడ ఇంట్లో కూర్చోలేకపోతున్నారు. జనవరి మూడో సోమవారం సెలవు కదా, ఆ వారాంతంలో స్నేహితుడి బోటులో లేక్ ఫోర్క్ జలాశయానికి వెళ్దామనుకుంటున్నాం. చలిలో అంత దూరం పోవడం దండగా? పోతే ఎక్కడ వెతకాలి, ఏ ఎర వాడాలి? నాన్నగారికి లైసెన్సు కావాలా? పట్టిన చేప ఇంటికి తెచ్చుకోవచ్చా?

లంక_పిల్లోడు
వెళ్లండి, దండగ కాదు. మార్చి దాకా రాడ్లు దాచమన్నవాళ్లకి ఒక తేదీ చెప్పండి: 1992 జనవరి 24. టెక్సాస్ రాష్ట్ర రికార్డు లార్జ్‌మౌత్ బాస్ పడింది ఆ రోజే, అదీ ఫోర్క్‌లోనే. 18.18 పౌండ్లు. పట్టినాయన బ్యారీ సెయింట్ క్లెయిర్. ఆయన బాస్ కోసం కూడా వెళ్లలేదు, క్రాపీ అనే తినే చేప కోసం చిన్న చేపపిల్లని గుచ్చి లోతులో దించారు. ఇన్నేళ్లయినా ఆ రికార్డు అలాగే ఉంది. దాని ముందు రికార్డూ ఫోర్క్‌దే, 1986 నవంబరులో మార్క్ స్టీవెన్సన్ పట్టిన 17.67 పౌండ్ల చేప. పట్టిన పెద్ద బాస్‌లని తీసుకెళ్లి గుడ్లు పెట్టించే రాష్ట్రం వాళ్ల షేర్‌లంకర్ కార్యక్రమం ఆ చేపతోనే మొదలైంది. రెండూ చలిబట్టలు వేసుకునే రోజుల్లో పడ్డవే.

ఇక మీ చెరువులో ఎందుకు ముట్టట్లేదంటే, బాస్‌కి సొంత ఒంటివేడి ఉండదండి. నీళ్లు ఎంత చల్లబడితే ఒళ్లూ అంత చల్లబడుతుంది, తిన్నది అరగడానికీ అంత ఆలస్యం. 80 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్లలో ఎర వెంటపడి తరిమే చేప, 50 దగ్గర తరమదు. ముక్కు ముందుకు వస్తే నోరు తెరుస్తుంది, అంతే. కాబట్టి చలికాలం పని రెండు భాగాలు. చేప ఎక్కడుందో తెలుసుకోవడం, ఎరని అక్కడే ఎక్కువసేపు ఉంచడం. మనవాళ్లు మొదటిదానికి తొందరపడి రెండోది వదిలేస్తారు. పది చోట్లు తిరక్కండి, మంచి చోట్లు రెండు చూసుకుని అక్కడే ఉండండి.

చోటు ఎలా ఉండాలంటే, లోతూ మెరకా పక్కపక్కనే ఉండాలి. ఫోర్క్ అంటే సబీన్ నదిలో కలిసే లేక్ ఫోర్క్ క్రీక్ మీద ఆనకట్ట కట్టి, 1980 నుంచి నీళ్లు నింపిన జలాశయం. దాదాపు 27 వేల ఎకరాలు. కింద పాత వాగుల పల్లాలు అలాగే ఉన్నాయి. ఆ పల్లం వంపు తిరిగి గట్టు వైపు దగ్గరగా వచ్చే చోటు పట్టుకోండి. 10 అడుగుల మెరక ఒక్కసారిగా 20, 25కి దిగిపోయే అంచు అన్నమాట. చలి ఎక్కువైతే చేప కిందికి జారుతుంది, రెండ్రోజులు ఎండ కాస్తే అదే అంచు మీదికి ఎక్కుతుంది. దానికి మైలు దూరం ఈదే పని లేదు, మనకీ వెతికే పని లేదు.

ఎండాకాలంలో ఆ లోతు ఎందుకు పనికిరాదో కూడా చెప్తాను. అప్పుడు పైన వేడినీళ్లు, కింద చల్లనీళ్లు వేరువేరు పొరలుగా ఉండిపోయి కింద పొరలో ఆక్సిజన్ అయిపోతుంది. శరదృతువులో పైనీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి, చెరువంతా కలిసిపోతుంది. ఆ తర్వాత అడుగుదాకా చేప బతకగలదు. అందుకే జనవరిలో 30 అడుగుల్లో కూడా బాస్ దొరుకుతుంది.

మానేరు_అన్న
లంక తమ్ముడు చోటు చెప్పిండు, నేను ఎర సంగతి చెప్త.

నాకైతె చలికాలంల మొదటి ఎర జిగ్గే, అంటె సీసం తలకాయ ఉన్న కొక్కెం. అర ఔన్సుది, గోధుమ రంగుది గానీ నలుపు నీలం కలిసింది గానీ, వెనక రొయ్యపీత అసొంటి మెత్తటి ట్రైలర్. అంచు మీదికి ఇసిరి అడుగు తాకేదాక ఆగు. తాకినంక రాడ్‌తోని జానెడు గుంజి మళ్ల ఆగు. నీకు విసుగొచ్చేంతసేపు ఆగు. ఎండాకాలం లెక్క టక్కుమని కొట్టుడు ఉండదు, లైన్‌కు తడిసిన ఆకులు చుట్టుకున్నట్టు బరువు తగుల్తది. గంతే. బరువు తగిలిందంటె లైన్ బిగవట్టి ఎత్తు, అనుమానం వెట్టుకోకు.

రెండోది సస్పెండింగ్ జర్క్‌బైట్. నీళ్లల్ల తేలకుంట మునగకుంట మధ్యల నిలవడే చేపబొమ్మ అది. రెండు జర్కులు, తర్వాత పది అంకెలు లెక్కవెట్టు. చాన మంది రెండు లెక్కవెట్టి మళ్ల గుంజుతరు. ఆ ఆగినప్పుడే చేప అందుకుంటది. ఎందుకంటె బాస్ తినే చిన్న షాడ్ చేపలు చలికి గట్లనే అయితయి. ముఖ్యంగ త్రెడ్‌ఫిన్ రకం షాడ్ నీళ్లు 45 డిగ్రీల కిందికి పోతె తట్టుకోదు, ఒణుక్కుంట ఆగుకుంట కిందికి వడుతది. బాస్‌కు గది అలవాటైన తిండి.

మూడోది ఫిబ్రవరికి దాచుకో. ఎర్ర రంగు లిప్‌లెస్ క్రాంక్‌బైట్, అంటె మూతికి రేకు లేని చేపబొమ్మ. హైడ్రిల్లా గడ్డి మిగిలిన చోట మూడు నుంచి ఆరడుగుల నీళ్లల్ల గడ్డికి తగిలేటట్టు గుంజి, తగిలినంక పట్టుమని విడిపించాలె. విడిపించినప్పుడే కొడ్తది. గుడ్లు వెట్టే ముందు పెద్ద ఆడచేపలు అప్పటికే మెరకకు చూస్తుంటయి.

లైన్ 15 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ వెట్టు. జర్క్‌బైట్‌కు మాత్రం 10 చాలు, లావు లైన్ అయితె ఎర మునిగే తీరే మారిపోతది. రోజూ లైన్ చివర చేతితోని తడిమి చూస్కో, ఫోర్క్ మోడులకు రాసుకుంటె గీతలు వడ్తయి.

టైలర్_వదిన
ఎర గురించి తర్వాత మాట్లాడుకుందాం. అబ్బాయీ, లైఫ్ జాకెట్ గురించి ఎవరూ అనలేదేంటి? నేను టైలర్‌లో ఉంటాను, ఫోర్క్‌కి చలికాలం కూడా వెళ్తాం.

50 డిగ్రీల నీళ్లలో మనిషి పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. ఎగశ్వాస వచ్చి నోట్లోకి నీళ్లు పోతాయి, ఈత బాగా వచ్చినవాళ్లకి కూడా. ఆ నిమిషం గడిస్తే చేతులూ కాళ్లూ చెప్పిన మాట వినేది ఇంకో పది నిమిషాలు. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి గంట పడుతుంది. అంటే చాలామంది చలికి చనిపోరు, ఆ మొదటి నిమిషంలో తేలలేక చనిపోతారు. జాకెట్ సీటు కింద ఉంటే ఉపయోగం లేదు, ఒంటి మీద ఉండాలి. గోదావరి ఈదిన నాన్నగారు "నాకెందుకు" అంటారు. ఒప్పించండి. 13 ఏళ్లలోపు పిల్లలకి అయితే బోటు కదులుతున్నంతసేపు వేయాలని చట్టమే ఉంది.

మనిషి పడితే ఇంజన్ ఆపేసే కిల్ స్విచ్ తాడు నడిపేవాళ్లకి కట్టి ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి చిన్న బోట్లకి అది ఫెడరల్ నిబంధన. మీ స్నేహితుడు 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే బోటర్ ఎడ్యుకేషన్ కార్డు కూడా కావాలి, ఇంజన్ 15 హార్స్‌పవర్ దాటితే.

ఫోర్క్‌లో ఇంకో సంగతి. నీళ్లు నింపేటప్పుడు చెట్లు చాలావరకు కొట్టకుండా వదిలేశారు. చేపకి అదే ఇల్లు, అందుకే ఆ చెరువు అంత పేరు తెచ్చుకుంది. కానీ పైకి కనిపించే ఎండుచెట్ల పక్కనే, జానెడు నీళ్ల కింద విరిగిన మోడులు ఉంటాయి. గుర్తులు పెట్టిన బోటు దారుల్లోనే వేగంగా వెళ్లండి. దారి దాటితే ట్రోలింగ్ మోటార్ అనే చిన్న కరెంటు మోటారు మీద నెమ్మదిగా. పొద్దున్న పొగమంచు ఉంటే బోటు దించే ర్యాంప్ దగ్గరే ఆగండి. జనవరిలో పొద్దున్నే కొట్టే చేప ఎలాగూ తక్కువ.

పొడి బట్టలు ఒక జత నీళ్లు చొరని సంచిలో, ఫ్లాస్కులో అల్లం టీ. ఈ రెండూ లేకుండా నేను మా ఆయన్ని బోటు ఎక్కనివ్వను.

లేనియర్_తీరం
జార్జియా నుంచి పలకరింపు. పొద్దున్న చేప తక్కువ అన్నమాట మా దగ్గర తిరగబడుతుంది. లేక్ లేనియర్‌లో జనవరి, ఫిబ్రవరిలో మాకు మంచి టైమే తెల్లవారుజాము. చెట్ల మధ్య నుంచి దిగే చిన్న పల్లాలు, ఇక్కడివాళ్లు డిచ్‌లు అంటారు, వాటిలోకి షాడ్, హెర్రింగ్ రాత్రంతా చేరతాయి. స్పాటెడ్ బాస్ వాటి వెనకే వస్తుంది. ఎండెక్కాక అదే పల్లం వెంబడి లోతుకి దిగిపోతుంది. పొద్దున్న 10 అడుగులతో మొదలుపెట్టి, మధ్యాహ్నానికి 40 అడుగుల దాకా దాని వెంట దిగుతాం.

కాబట్టి కొత్త_గాలం గారూ, చలికాలమంటే మధ్యాహ్నమే అని గీత గీసుకోవద్దు.

లంక_పిల్లోడు
లేనియర్_తీరం గారు చెప్పింది లేనియర్‌కి నూటికి నూరుపాళ్లు నిజం. అది లోతైన, తేట నీళ్ల చెరువు, అక్కడ రాజ్యం స్పాటెడ్ బాస్‌ది. ఆ జాతి చలిలో కూడా గుంపుగా షాడ్‌ని వేటాడుతుంది. ఫోర్క్‌లో ఉన్నది లార్జ్‌మౌత్, అందులోనూ ఫ్లోరిడా రకం. చెరువు నిండకముందే ఆ రకం పిల్లల్ని రాష్ట్రం వాళ్లు అక్కడి గుంటల్లో వదిలారు. పెద్దగా పెరిగేది ఆ రకమే, కానీ చలిగాలి తిరిగితే నోరు కట్టేసుకునేదీ అదే. ఫోర్క్‌లో జనవరిలో పగలు ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఉన్న సమయాన్ని నేను దేనికీ మార్చుకోను. నీళ్లు రెండు డిగ్రీలు వేడెక్కినా చాలు. ముఖ్యంగా బ్రిడ్జిల దగ్గర పేర్చిన రాళ్లు ఎండకి కాగుతాయి. 154వ నంబరు రోడ్డు బ్రిడ్జి, 515వ నంబరు రోడ్డు బ్రిడ్జి రెండిటి కిందా వాగు పల్లం పోతుంది, పక్కనే రాళ్లు ఉన్నాయి. లోతూ మెరకా ఒకేచోట కావాలంటే అంతకంటే సులువైన చోటు కొత్తవాళ్లకి లేదు.

లేనియర్ నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఒకటుంది, షాడ్‌ని వెతకడం. సీగల్ పక్షులు ఎక్కడ నీళ్లలోకి దూకుతున్నాయో చూడండి.

నల్లమల_వాసి
ఇవన్నీ పాతకాలం మాటలు. 2018లో లైవ్‌స్కోప్ అనే, నీళ్లలోపల చూపించే సోనార్ వచ్చాక పక్షుల్ని చూసే పనేముంది? ముందుకు తిప్పే సోనార్ ఉంటే మోడు పక్కన నిలబడ్డ చేప తెర మీద కనిపిస్తుంది, ఎర దాని ముందు పడిందో లేదో కూడా కనిపిస్తుంది. టెక్సాస్‌లోనే ఉన్న ఓ.ఎచ్. ఐవీ జలాశయంలో 2021 నుంచి చలికాలమంతా 13 పౌండ్లు దాటిన చేపలు వరసగా పడ్డాయంటే సోనార్ వాటా చాలా ఉంది. అది లేకుండా జనవరిలో ఫోర్క్ వెళ్తే రోజంతా ఖాళీ నీళ్లలో ఎర వేసినట్టే.

మానేరు_అన్న
నల్లమల తమ్మీ, ఐవీ సంగతి నిజమే. కానీ చేప కనవడ్డంక ఏం చేస్తరు? దాని నెత్తి మీద జిగ్ ఆపి పట్టుకుంటరు, ఆపుతరు, ఇంక ఆపుతరు. గదే ఓపిక కదా మనం చెప్పేది. తెర ఉన్నా లేకున్నా చల్లనీళ్లల్ల చేప మారలె. వాళ్ల నాన్న మొదటిసారి వస్తుండు. పెద్దాయనకు తెర చూపెట్టి కూసోవెడ్తె ఏం బాగుంటది, ఆయన చేతిల గాలం వెట్టాలె.

ఉన్నోళ్లు వాడుకోండ్రి. లేనోళ్లు లోతు చూపే మామూలు డెప్త్‌ఫైండర్‌తోని వాగు అంచు దొరికిచ్చుకున్నా సాలు.

కొత్త_గాలం
అందరికీ చాలా థాంక్స్. స్నేహితుడి బోటులో మామూలు డెప్త్‌ఫైండర్ ఉంది, లైవ్‌స్కోప్ లేదు. జాకెట్లు ఈ రోజే కొన్నాను వదినగారూ, నాన్నగారికి కూడా. లైసెన్సు, తినే చేప సంగతి ఎవరైనా చెప్పరా? అమ్మ ఇప్పటికే చింతపండు నానబెట్టాలా అని అడుగుతోంది.

టైలర్_వదిన
లైసెన్సు నేను చెప్తాను. టెక్సాస్‌లో వరసగా ఆరు నెలలకి పైగా ఉన్నవాళ్లే ఇక్కడి నివాసులు. మీకు మంచినీటి చేపల లైసెన్సు ప్యాకేజీ 30 డాలర్లు, ఆగస్టు 31 దాకా పనిచేస్తుంది. నాన్నగారు సందర్శకులు కాబట్టి ఆయన నాన్ రెసిడెంట్. వయసుని బట్టి మినహాయింపు ఉంటుందని కొందరు చెప్తారు, అది ఆయనకి వర్తించదు. ఆయనకి ఒకరోజు లైసెన్సు 16 డాలర్లు, రెండో రోజు కూడా వెళ్తే అదనపు రోజు కలుపుకోవచ్చు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని కొనండి. 17 ఏళ్లలోపు పిల్లలకి అక్కర్లేదు.

చలి మరీ ఎక్కువై బోటు వద్దనుకుంటే, టెక్సాస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీంచి పట్టడానికి లైసెన్సే అక్కర్లేదు. దారిలో లేక్ తవాకొని స్టేట్ పార్కు ఉంది, గుర్తుపెట్టుకోండి.

లంక_పిల్లోడు
తినే సంగతికి వస్తే, ఫోర్క్‌లో బాస్‌కి స్లాట్ ఉందండి. 16 ఇంచీలకీ 24 ఇంచీలకీ మధ్య ఉన్నది ఏదైనా వెంటనే వదిలేయాలి. 16 లోపు ఉంచుకోవచ్చు. 24 దాటినది రోజుకి ఒక్కటే. మొత్తం మీద మనిషికి ఐదు. బోటులో కొలబద్ద ఉండాల్సిందే, కంటి అంచనా పనికిరాదు.

చట్టం ఒప్పుకున్నా 24 దాటినదాన్ని చంపొద్దని నా మనవి. అంత పెద్దది దాదాపు ఎప్పుడూ ఆడదే. జనవరికి కడుపులో గుడ్లు ఎదుగుతుంటాయి. ఆ సైజుకి రావడానికి అది ఎన్నో ఏళ్లు బతికింది, ఆ చెరువు పేరంతా వాటి మీదే నిలబడి ఉంది. గోడకి పెట్టుకోవాలనిపిస్తే పొడవూ చుట్టుకొలతా రాసుకుని ఫోటో తీయండి, ఫైబర్‌గ్లాస్‌తో అచ్చు అలాగే చేసిస్తారు. 13 పౌండ్లు దాటిందా, వదలకుండా బోటులో చేపని బతికించే తొట్టిలో, అంటే లైవ్‌వెల్‌లో, నీళ్లు తిరిగేలా ఉంచి షేర్‌లంకర్ వాళ్లకి ఫోన్ చేయండి. జనవరి 1 నుంచి మార్చి 31 దాకా వాళ్లే వచ్చి తీసుకెళ్లి ఏథెన్స్‌లో ఉన్న హ్యాచరీలో గుడ్లు పెట్టించుకుంటారు.

పట్టుకునేటప్పుడు చేతులు తడుపుకోండి. కింది దవడ పట్టి వేలాడదీయకుండా రెండో చెయ్యి పొట్ట కింద ఉంచి అడ్డంగా పట్టుకోండి. మంచు కురిసే గాలిలో మొప్పలు తొందరగా దెబ్బతింటాయి, ఫోటో కోసం ఎక్కువసేపు బయట ఉంచొద్దు.

పులుసుకి మాత్రం నేను బాస్ చెప్పను. అమ్మగారి చింతపండు క్రాపీకి దాచమనండి.

నల్లమల_వాసి
క్రాపీ విషయంలో నేనూ ఒప్పుకుంటా. తెల్లటి మెత్తటి కండ, నీచు వాసన లేదు. కారం, అల్లం వెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేయిస్తే చాలు. పులుసులో అయితే చివర్లో వెయ్యాలి, కొర్రమీనులా ఉడకబెడితే విరిగిపోతుంది.

కొర్రమీను అంటే గుర్తొచ్చింది. ఇక్కడ ఎక్కడైనా ప్రాణంతో దొరుకుతుందేమో చూద్దామని ఎవరూ వెతక్కండి. ఆ జాతిని ప్రాణంతో ఉంచుకోవడం టెక్సాస్‌లో నేరం, 2002 నుంచి ఫెడరల్ నిషేధం కూడా ఉంది.

కొత్త_గాలం
ఇంకో రెండు ప్రశ్నలు, విసుక్కోకండి. శనివారం వెళ్లాలా, సోమవారమా? వాతావరణంలో శుక్రవారం రాత్రి చలిగాలి తిరుగుతుందని చూపిస్తోంది. ఆదివారం కుదరదు, ఇంట్లో చుట్టాలు. రెండోది, నాన్నగారికి రీల్ అలవాటు లేదు. వెదురు కర్ర, బెండు, బతికిన ఎర, ఇదే ఆయన పద్ధతి. జిగ్ విసరమంటే ఆయనకి ఆనందం ఉండదేమో.

టైలర్_వదిన
సోమవారం వెళ్లండి. ఉత్తరగాలి తోసే రోజు ఆ చెరువు మీద అలలు లేస్తాయి, చిన్న బోటుతో నడిమధ్యకి వద్దు. "కనుమ నాడు కాకి కూడా కదలదు" అని మా అత్తగారు అనేవారు, శనివారానికి అదే పాటించండి.

లంక_పిల్లోడు
చేప లెక్క చూసినా సోమవారమేనండి. చలిగాలి వచ్చే ముందు, మబ్బు పట్టి దక్షిణపు గాలి వీచే మధ్యాహ్నం చేప బాగా తింటుంది. గాలి తిరిగిన మర్నాడు ఆకాశం నీలంగా కడిగేసినట్టుంటుంది, మనకి హాయి, చేప మాత్రం మోడుకి అతుక్కుపోయి కదలదు. శనివారం ఆ రోజే అవుతుంది. సోమవారానికి రెండు పూటల ఎండ తగిలి ఉంటుంది. ఉత్తరం గట్టు చూసుకోండి, గాలి నుంచి చాటు, ఎండ సూటిగా పడుతుంది.

శుక్రవారం సాయంత్రం గాలి తిరగకముందు సెలవు పెట్టగలిగితే అది ఇంకా మంచిది. గాలి మారే సూచన కనిపించగానే ర్యాంప్‌కి వచ్చేయాలి, ఆ షరతు మీద.

మానేరు_అన్న
నాన్నగారి సంగతి నాకు వదిలెయ్. ఆయన పద్ధతి మార్చకు, ఫోర్క్‌ల చలికాలం క్రాపీకి అచ్చంగ గదే పద్ధతి. పదడుగుల క్రాపీ పోల్ ఒకటి కొను, సన్న లైన్ కట్టు, సన్న తీగ కొక్కెం, కొక్కేనికి జానెడు మీద చిన్న సీసం గుండు. మెరీనాల బతికిన మినో చేపపిల్లలు అమ్ముతరు. రెండు పెదవులు కలిపి గుచ్చితె చానసేపు బతికి ఆడ్తది. లోతుల నిలవడ్డ చెట్టు పక్కన బోటు ఆపి నిటారుగ దించుడే, విసిరే పనే లేదు. బెండు లేకున్నా పోల్ కొన చూస్తె చాలు, ఆయనకు నువ్వు చెప్పేదేం ఉండదు. బ్యారీ సెయింట్ క్లెయిర్‌కు రికార్డు బాస్ కూడ గిట్లనే దొరికింది గదా, పక్కన వల మాత్రం తయారుగ వెట్టుకో.

ఒక్క నిబంధన బాగ చదువుకోండ్రి, కొత్తోళ్లకు తెల్వది. ఫోర్క్‌ల డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరి దాక క్రాపీకి కనీస సైజు లేదు, కానీ పట్టిన ప్రతి క్రాపీని ఉంచుకోవాలె, చిన్నదని వదలొద్దు. ఎందుకంటె అంత లోతు నుంచి పైకి తెచ్చినంక కడుపుల గాలితిత్తి ఉబ్బి చాన చేపలు బతకయి. నీళ్లల్ల ఇడిస్తె పాడయేటివే. పోయే ముందు ఈ ఏటి నిబంధనల పుస్తకం ఒకసారి చూస్కో. రోజుకు మనిషికి 25. ఎవరి లెక్క వాళ్లది, ఎవరి బకెట్ వాళ్లది వెట్టుకోండ్రి. 25 కాంగనె ఆ పోల్ పైకి తీసి లోపల వెట్టేయాలె, ఇరవై ఆరోది వడితె ఉంచుకోనీకి లేదు, ఇడవనీకి లేదు.